పిలుపు, వరం, బాధ్యత, జీతం: సంఘ సేవలో కలిసిపోయిన నాలుగు మాటలు

2020 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు ఒక్కసారి సాయంగా తలా 5,000 రూపాయలు ఇచ్చింది. ఆ తరవాత పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం అన్న మాట వచ్చింది. దాంతో అప్పటిదాకా సంఘం నాలుగు గోడల మధ్యే తిరిగిన ప్రశ్న ఒకటి దరఖాస్తు ఫారం మీదికి ఎక్కింది: అసలు పాస్టర్ అంటే ఎవరు?

పాలకొండ పక్క పల్లెలో పదిహేనేళ్లుగా వారమంతా పొలం పని చేసుకుని ఆదివారం వాక్యం చెప్పే మనిషి పాస్టరేనా? బైబిలు కాలేజీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా నడిపించడానికి సంఘం లేనాయన సంగతేమిటి? బొబ్బిలిలో ముప్పై ఏళ్లుగా సండే స్కూలు నడిపే అమ్మగారికి ‘పిలుపు’ ఉన్నట్టా, లేనట్టా? ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘాల్లో ఈ ప్రశ్నలకు ఎవరి జవాబు వారికుంది. జవాబులు కలవకపోవడానికి కారణం వాళ్ల భక్తిలో తేడా కాదు. నాలుగు వేరువేరు సంగతులను మనం ‘సేవ’ అనే ఒక్క మాటలో మూటగట్టేశాం. ఆ మూట విప్పితే సగం తగాదాలు వాటంతటవే సర్దుకుంటాయి, మిగతా సగం దేని గురించో తెలుస్తుంది.

‘పిలుపు’ అనే మాటకు బైబిల్లో ఉన్న అర్థాలు

మొదటి అర్థం అందరిదీ. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాస్తూ ‘మీ పిలుపును చూసుకోండి’ అన్నప్పుడు ఆయన ప్రసంగీకులతో మాట్లాడడం లేదు. జ్ఞానులు, ఘనులు పెద్దగా లేని ఒక మామూలు సంఘంతో మాట్లాడుతున్నాడు. క్రీస్తును నమ్మడానికి వచ్చిన పిలుపు అది. బాప్తిస్మం పొందిన ప్రతివారికీ అది ఉంది, అందులో ఎక్కువ తక్కువలు లేవు.

రెండో అర్థం అదే పత్రిక ఏడో అధ్యాయంలో ఉంది. ఎవడు ఏ స్థితిలో పిలవబడ్డాడో ఆ స్థితిలోనే దేవునితో నిలిచి ఉండమంటాడు పౌలు. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఈ ఆలోచనను గట్టిగా పట్టుకున్నాడు. చెప్పులు కుట్టే పని, పిల్లల్ని పెంచే పని కూడా దేవుడిచ్చిన పిలుపే, మఠంలో ఉన్నవాళ్ల పిలుపు వీటికంటే పై మెట్టు కాదు అన్నాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు చేసే విశ్వాసి తన పనిని ‘లోక సంబంధం’ అనుకుని సిగ్గుపడనక్కర్లేదన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది.

మూడోది ప్రత్యేకమైన పనికి వచ్చే పిలుపు. అపొస్తలుల కార్యాలు 13వ అధ్యాయంలో అంతియొకయ సంఘం ఉపవాసం ఉండగా బర్నబాను, సౌలును (పౌలు మరో పేరు) ప్రత్యేకించమని పరిశుద్ధాత్మ చెబుతాడు. ఆ మాట ఆ ఇద్దరి చెవిలో రహస్యంగా పడలేదు, కూడి ఉన్నవాళ్ల మధ్య వచ్చింది. వాళ్ల మీద చేతులుంచి పంపింది ఆ కూడినవాళ్లే. ‘నాకు పిలుపు వచ్చింది’ అనే వాక్యంలో మనం తరచూ మరిచిపోయే భాగం ఇదే.

వరానికి, బాధ్యతకు తేడా ఎక్కడ

వరం అంటే దేవుడిచ్చిన సామర్థ్యం. బాధ్యత అంటే సంఘం అప్పజెప్పిన పని. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

రోమా పత్రిక 12వ అధ్యాయంలో పౌలు ఏడు వరాలు చెబుతాడు: ప్రవచించడం, పరిచర్య చేయడం, బోధించడం, హెచ్చరించడం, పంచిపెట్టడం, పైవిచారణ చేయడం, కరుణించడం. ఈ ఏడింటిలో మైకు ముందు నిలబడి చేసేవి మహా అయితే మూడు. మిగతా నాలుగూ వంటపాత్రల దగ్గర, రోగి మంచం పక్కన, లెక్కల పుస్తకం ముందు జరిగేవి. మన సంఘాల్లో ‘వరం ఉన్నవాడు’ అంటే ఆ మూడే గుర్తొస్తాయి. ఇది బైబిలు నుంచి వచ్చిన కొలత కాదు, వేదిక అలవాటు నుంచి వచ్చింది.

బాధ్యత సంగతికొస్తే 1 తిమోతి 3వ అధ్యాయం చూడాలి. అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపే పెద్దకు, ఉండవలసిన లక్షణాల వరుసలో ‘బోధించగలగడం’ ఒక్కటే నైపుణ్యం. తక్కినవన్నీ నడవడి: నిగ్రహం, అతిథి సత్కారం, కొట్లాడకపోవడం, డబ్బాశ లేకపోవడం, ఇంటిని సరిగ్గా ఏలుకోవడం, బయటివారి దగ్గర మంచి పేరు. కొత్తగా చేరినవాడై ఉండకూడదన్న షరతూ ఉంది. అదే అధ్యాయంలో డీకన్లకు (సంఘ పరిచారకులకు) బోధించే సామర్థ్యం అడగలేదు, ముందు పరీక్షించమని మాత్రం అడిగింది. అంటే బాగా పాడే కుర్రాడికి క్వాయర్ అప్పజెప్పడానికి వరం చాలు. వాడిని సంఘ పెద్దను చేయాలంటే చాలదు. ఈ రెండు మెట్లనూ ఒకటి చేయడం వల్ల చెడిన సంఘాలు, అంతకంటే ముఖ్యంగా చెడిన కుర్రాళ్లు, తక్కువేమీ కాదు.

వరానికి మన నేలకు దగ్గర ఉదాహరణ పురుషోత్తమ చౌదరి. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. సువార్తికుడిగా పనిచేశారు. కానీ ఆయన పేరు నేటికీ నిలిచింది కీర్తనల వల్ల. బాప్టిస్టు అయిన ఆయన పాటలు లూథరన్లు, ఇతర సంఘాలవారు కూడా పాడుకుంటారు. బాధ్యత ఒక సంఘానిది, వరం మాత్రం గోడలు దాటిపోయింది.

ఒకే వీధిలో వేరువేరు జవాబులు ఎందుకున్నాయి

లండన్ మిషనరీ సొసైటీ పంపిన క్రాన్, డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టారు. 1846లో కతోలికుల ఫ్రాన్సిస్ డీ సేల్స్ సభ గురువులు (ఫాదర్లు) విశాఖ చేరారు. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఉత్తరాన బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, పాలకొండ దాకా వచ్చింది. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్లు జైపూరు వైపు నుంచి సాలూరు, పార్వతీపురం కొండవాలుల్లో పనిచేశారు. విశాఖ నుంచి విడిపోయి 1993లో శ్రీకాకుళం కతోలిక మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడింది. ఇటీవలి దశాబ్దాల్లో పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఊరూరా లేచాయి. ఒక్కో ధార ‘పిలుపును ఎవరు ఖాయం చేయాలి’ అన్న ప్రశ్నకు ఒక్కో జవాబు తెచ్చుకుంది.

కతోలికుల్లో ఆ అధికారం మేత్రాణులది, అంటే బిషప్పులది. గురువిద్యార్థి తత్వశాస్త్రం, వేదాంతం కలిపి కనీసం ఆరేళ్లు చదవాలి. గురుత్వానికి సిద్ధమయ్యేవారికి డీకను పట్టం 23 ఏళ్లు నిండాక, గురుపట్టం 25 నిండాక, రెంటి మధ్య కనీసం ఆరు నెలల ఎడం ఉండాలన్నది 1983 కానన్ చట్టం (కతోలిక సభ సొంత చట్టం) నియమం. వీళ్ల ‘డీకను’ పట్టాభిషేకం పొందిన పదవి. పక్క వీధిలో బాప్టిస్టు ‘డీకన్’ సంఘ సభ్యులు ఎన్నుకున్న టీచరో, రైతో. మాట ఒకటే, మనుషులు వేరు. రెండు సంఘాల మధ్య సంబంధం కలుపుకునే కుటుంబాలు ఇక్కడే తికమక పడతాయి.

బాప్టిస్టుల్లో చివరి మాట స్థానిక సంఘానిది. సభ్యులు ఓటేసి పాస్టర్ గారిని పిలుస్తారు, కాబట్టి ‘పిలుపు’ అంటే వాళ్లకు సంఘం రాసి ఇచ్చే ఉత్తరం కూడా. లూథరన్లలో స్థానిక సంఘానికీ, అనేక సంఘాల మీద ఉండే పై సభకూ రెంటికీ పాత్ర ఉంది. చాలా స్వతంత్ర సంఘాల్లో స్థాపించిన దైవజనుడి సాక్ష్యమే ఆధారం. ఎవరూ పంపకపోయినా ఆయన ఊళ్లోకి వచ్చాడు, సంఘం పుట్టింది, ఆ ఫలమే రుజువు అంటారు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఏ మిషన్ సంస్థా వెళ్లని కొండ గూడేలకు వెళ్లినవాళ్లలో ఇలాంటివారు ఎందరో ఉన్నారు. కానీ ఆయన తప్పు చేస్తే అడిగేవారెవరు అన్న ప్రశ్నకు ఆ ఏర్పాటులో జవాబు దొరకదు. పై సభ ఉన్న సంఘాల్లో అడిగేవారుంటారు. అక్కడి ఇబ్బంది వేరు: ఎన్నికలు, ముఠాలు, బదిలీల పైరవీలు పిలుపు మాటను మింగేస్తాయి.

పిలుపును పరీక్షించడం: ఒక ఊహా ఉదాహరణ

చీపురుపల్లి దగ్గర అరవై కుటుంబాల సంఘం అనుకుందాం. డిగ్రీ అయిన 24 ఏళ్ల అబ్బాయి ఉపవాస కూటంలో లేచి ‘నన్ను దేవుడు సేవకు పిలిచాడు, ఉద్యోగం చూసుకోను’ అన్నాడు. తల్లి ఏడుస్తోంది. పెద్దల్లో ఇద్దరు చప్పట్లు కొట్టారు, ఒకరు ‘ఉద్యోగం దొరక్క అంటన్నాడు’ అన్నారు. ఇప్పుడేం చేయాలి?

పదహారో శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ చెప్పిన విభజన ఇక్కడ అక్కరకొస్తుంది. లోపలి పిలుపు ఉంది, అది మనస్సాక్షి సంగతి, దానికి దేవుడే సాక్షి. బయటి పిలుపు ఉంది, అది సంఘం చూసి, తూచి, ఒప్పుకునేది. పెద్దలు చప్పట్లు కొట్టినప్పుడు లోపలి పిలుపును పరీక్షించకుండానే ఒప్పేసుకున్నారు. అనుమానపడినాయన కూడా పరీక్షించలేదు.

అనుభవమున్న సంఘాలు ఈ పనికి ఏడాది నుంచి రెండేళ్లు తీసుకుంటాయి. మొదటి మూడు నెలలు అబ్బాయికి ఎవరికీ కనబడని పని ఇస్తారు: సండే స్కూలుకు ముందు గది ఊడ్చడం, చాపలు పరవడం, ముసలివాళ్లను ఇంటి నుంచి తీసుకురావడం. ఇది శిక్ష కాదు. పేరు రాని పనిలో ఆసక్తి నిలుస్తుందో లేదో ఇంకెక్కడా తెలియదు. తరవాత ఆరు నెలలు సండే స్కూల్లో ఒకే తరగతి అప్పజెప్పి, వారం వారం పాఠం రాసి తెచ్చి చూపించమంటారు. అప్పుడు మూడు సంగతులు బయటపడతాయి: వాక్యాన్ని సందర్భంలో చదువుతాడా, తప్పు చూపిస్తే ఎలా తీసుకుంటాడు, పిల్లలు అర్థం చేసుకుంటున్నారా. ఇంకో ఆరు నెలలు పాస్టర్ గారి వెంట ఇళ్లకు, ఆసుపత్రికి, మరణ గృహాలకు వెళతాడు. ఈలోగా పనిచేసుకుంటూనే ఉండాలి. ఇంటి బరువు మోయలేని మనిషి సంఘం బరువు మోస్తాడా అన్నది 1 తిమోతి 3 అడిగే ప్రశ్నే.

తప్పు ఎక్కువగా జరిగేది మొదటి నెలలోనే. కూటంలో సాక్ష్యం చెప్పిన ఆదివారమే ప్రసంగానికి నిలబెడతారు, ఫ్లెక్సీలో ఫోటో వేస్తారు, పేరు ముందు ‘బ్రదర్’ పోయి ‘దైవజనులు’ వస్తుంది. ఎవరి మీదా తొందరపడి చేతులుంచవద్దని పౌలు తిమోతికి రాసింది ఇందుకే. ఆరు నెలల తరవాత ఆ అబ్బాయికి తన పిలుపు వేరేదని తెలిసినా వెనక్కి రావడానికి దారి ఉండదు. వస్తే ‘వెనుదిరిగాడు’ అంటారు. పరీక్షా కాలం మొదట్లోనే ‘ఇది బోధ పిలుపు కాదని తేలినా నీకు ఏ అవమానమూ లేదు’ అని సంఘం ముందు చెప్పి ఉంచితే ఆ దారి తెరిచి ఉంటుంది.

వేదాంత విద్య దీని తరవాతి మెట్టు. సెరంపూర్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన కాలేజీల్లో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) లాంటి కోర్సులున్నాయి, ఏడాది రెండేళ్ల బైబిలు స్కూళ్లూ ఉన్నాయి. చదువు బోధను చక్కబరుస్తుంది. పిలుపు లేనిచోట దాన్ని పుట్టించదు.

అపొస్తలుల కార్యాలు 6: బల్లల పనీ పరిచర్యే

యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు లేచింది. అపొస్తలులు ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఇక్కడ రెండు వివరాలు గమనించాలి. మొదటిది, రోజువారీ పంపకానికీ వాక్యం చెప్పడానికీ గ్రీకు మూలం ఒకే మాట వాడింది, ‘డియకోనియా’. మన తెలుగు బైబిలు కూడా రెండుచోట్లా ‘పరిచర్య’ అనే అంది. రెండోది, ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వర్గం నుంచే మనుషుల్ని తీసుకున్నట్టు కనిపిస్తుంది. పల్లెలో రెండు వీధులవారు ఒకే సంఘానికి వస్తూ, పెద్దలంతా ఒకే వీధివారైతే సణుగు ఎక్కడ మొదలవుతుందో ఈ అధ్యాయం ముందే చెప్పింది.

ఆ ఏడుగురిని డీకన్లు అనవచ్చా అన్నది పండితుల మధ్య వాదం. ఆ అధ్యాయంలో వాళ్లకు ఆ పదవి పేరు లేదు. పని మాత్రం అదే.

నేటి డీకను పనిలో నలిగేది కానుక లెక్క. ఆరాధన అయిన వెంటనే, అదే గదిలో, బంధుత్వం లేని ఇద్దరు లేదా ముగ్గురు లెక్కపెట్టాలి. 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, చిల్లర ఎంత అని కాగితం మీద విడివిడిగా రాసి, అందరూ సంతకం చేయాలి. లెక్కపెట్టినవారే పద్దు రాయకూడదు, పద్దు రాసేవారే బ్యాంకులో వేయకూడదు. సోమవారం జమ అవ్వాలి. కొరింథీయుల రెండో పత్రిక 8వ అధ్యాయంలో చందా మోసుకెళ్లడానికి పౌలు ఒంటరిగా వెళ్లలేదు. మనుషుల దృష్టిలో కూడా నింద రాకూడదని తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు. కాబట్టి లెక్క అడగడం పాస్టర్ గారిని అనుమానించడం కాదు. ఆయన్ను నింద నుంచి కాపాడడం.

ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు క్యూఆర్ కోడ్. గోడకు అంటించిన ఫోన్‌పే కోడ్ చాలాచోట్ల పాస్టర్ గారి సొంత ఖాతాకో, ట్రెజరర్ కొడుకు నంబరుకో కలిపి ఉంటుంది. డబ్బు దారి తప్పకపోయినా, సంఘానికి వచ్చిన కానుక కాగితం మీద ఆ మనిషి సొంత రాబడిగా కనబడుతుంది. సంఘం పేరున ఖాతా కావాలంటే ముందు ఆ సంఘానికి చట్టపరమైన రూపం ఉండాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి.

జీతం: హక్కు, త్యాగం, లెక్క

‘ఆయనకేటి పని, వారానికొక ప్రసంగమే కదా’ అన్న మాట రెండు జిల్లాల్లోనూ వినబడుతుంది. 45 కుటుంబాల సంఘాన్ని తీసుకుని లెక్క వేద్దాం. ఆదివారం ఆరాధనకు అటూఇటూ కలిపి 4 గంటలు. ప్రసంగం సిద్ధం చేయడానికి 8. వారంలో రెండు గృహ కూటాలకు 4. నెలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లాలంటే వారానికి 11 ఇళ్లు, ఇంటికి ముప్పావు గంట చొప్పున 8 గంటలకు పైనే. ఆసుపత్రికి, తగాదాలకు 3. మొత్తం 27 గంటలు. పెళ్లిళ్లు, భూస్థాపనలు, జ్ఞాపకార్థ కూటాలు ఇందులో లేవు.

ఇప్పుడు రాబడి. ముప్పై కుటుంబాలు వారానికి సగటున 80 రూపాయలు వేస్తే నాలుగు ఆదివారాలకు 9,600. అయిదు కుటుంబాలు నెలకు 15,000 సంపాదనలో దశమభాగం ఇస్తే 7,500. మొత్తం 17,100. మందిరం అద్దె 3,000, కరెంటు 800, సౌండు మరమ్మతు 500, సండే స్కూలు 700, తిరగడానికి పెట్రోలు 1,500, విధవరాళ్ల సాయం 1,500 పోతే మిగిలేది 9,100. దాంతో ఇద్దరు పిల్లలున్న ఇల్లు గడవాలి.

అందుకే చాలామంది పాస్టర్లు కుట్టుపనో, ఆటోనో, పొలమో చూసుకుంటారు. దీని మీద రెండు వాదాలున్నాయి. సువార్త చెప్పేవారు సువార్త వల్లే బతకాలన్నది 1 కొరింథీ 9లో స్పష్టంగా ఉంది, కాబట్టి పోషించడం సంఘం విధి అంటారు ఒకరు. అదే అధ్యాయంలో పౌలు ఆ హక్కును వదులుకున్నాడు, కొరింథులో డేరాలు కుట్టి బతికాడు, చేతిపని చేస్తే ఎవరికీ తలవంచనక్కర్లేదు అంటారు మరొకరు. రెండూ నిజమే. కానీ త్యాగం పౌలు తనంతట చేసింది, కొరింథు సంఘం ఆయన మీద రుద్దింది కాదు. ఈ తేడా పోతే త్యాగం పేరుతో సంఘం తన విధిని ఎగ్గొడుతుంది.

ప్రభుత్వ గౌరవ వేతనం మీదా వాదం అలాగే చీలింది. ఇతర మతాల సేవకులకు ఇచ్చేటప్పుడు పేద పాస్టర్ ఎందుకు వద్దనాలి అన్నది ఒక పక్షం. జాబితాలో పేరు ఎవరు ఎక్కిస్తారో వాళ్లే క్రమంగా ‘ఎవరు పాస్టర్’ అన్నదీ తేలుస్తారన్న భయం రెండో పక్షానిది. ఈ రెండో మాటను తోసేయకూడదు. జాబితా ఒక సాయం పథకానికి అర్హత చెబుతుంది. పిలుపు గురించి అది చెప్పగలిగింది ఏమీ లేదు, పేరు ఉన్నా, లేకపోయినా.

స్త్రీల సేవ: పని ఉంది, పేరు మీదే వాదం

కెంక్రేయ సంఘంలో ఫీబేను పౌలు పరిచారకురాలు అన్నాడు. ఆ మాట పదవిని చెబుతుందా, పనిని మాత్రమే చెబుతుందా అన్నది తెగని చర్చ. కతోలికులు గురుత్వం పురుషులకే అంటారు, 2021 నుంచి మాత్రం పఠన సేవ (ఆరాధనలో వాక్యం చదవడం), పీఠ సేవ (బలిపీఠం దగ్గర సాయం) పదవులను స్త్రీలకూ తెరిచారు. దక్షిణ ఇండియా సంఘం 1970ల నుంచే స్త్రీలను గురువులుగా అభిషేకిస్తోంది. చాలా స్వతంత్ర సంఘాలు ఒప్పుకోవు, అయితే పాస్టరమ్మ గారు లేకపోతే అక్కడ స్త్రీల కూటం, ఇళ్ల సందర్శన ఆగిపోతాయి.

తీర గ్రామాల్లో ఇది ఇంకా స్పష్టం. ఎచ్చెర్ల ప్రాంతపు మత్స్యకార కుటుంబాల్లో మగవాళ్లు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద ఉంటారు. అలాంటి ఊళ్లలో వాళ్లు తిరిగొచ్చేదాకా ప్రార్థన, కానుక, రోగుల పరామర్శ ఆడవాళ్ల చేతుల మీదే నడవాలి. రిజిస్టరులో డీకన్ల పేర్లు మాత్రం వెరావల్‌లో ఉన్నవాళ్లవే అయితే, అత్యవసరానికి సంతకం పెట్టేవారు ఊళ్లో ఉండరు. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, ఊళ్లో ఉండి పనిచేస్తున్నవారికి అధికారం మాత్రం రాసి ఇవ్వాలి.

పెళ్లి జరిపించే అధికారం వేరు

సంఘం అంగీకరించిన పాస్టర్ అయినంత మాత్రాన చట్టం ముందు పెళ్లి చేయించే అధికారం రాదు. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం 5వ సెక్షన్ ప్రకారం బిషప్పుల అభిషేకం పొందిన గురువులు, స్కాట్లండ్ సంఘ పాదిరులు, ఆ చట్టం కింద లైసెన్సు పొందిన సేవకులు, మ్యారేజ్ రిజిస్ట్రార్లు, ఇండియన్ క్రైస్తవులకు వివాహ సర్టిఫికెట్లు ఇచ్చే లైసెన్సు ఉన్నవారు మాత్రమే జరిపించవచ్చు. మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. అధికారం లేకుండా జరిపిస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. శుభలేఖ అచ్చు వేయకముందే లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఏ ప్రాంతానికి ఇచ్చారో చూసుకోవాలి. లైసెన్సు లేని పాస్టర్ గారు ప్రసంగం, ప్రార్థన చేయవచ్చు. ప్రమాణాలు చేయించి రిజిస్టరులో సంతకం పెట్టే పని లైసెన్సు ఉన్న మరొకరికి ఇవ్వాలి.

బాధ్యత ముగిసినప్పుడు

వరానికి గడువు లేదు, బాధ్యతకు ఉంటుంది. డీకన్లకు మూడేళ్ల కాలం పెట్టుకున్న సంఘంలో దిగిపోయేవారి మీద మచ్చ పడదు, గడువు లేనిచోట దిగడమంటే దింపేశారనే అర్థం. అప్పగింత ఒకే రోజు, ఇద్దరు సాక్షుల ముందు జరగాలి: మందిరం తాళాలు, బాప్తిస్మపు రిజిస్టరు, సభ్యుల జాబితా, పాస్‌బుక్, చెక్కుబుక్, రసీదు పుస్తకాల్లో వాడని ఆకుల లెక్క. బ్యాంకులో సంతకం మార్పుకు తీర్మానం నకలు ఇవ్వాలి. ఆఖర్న గోడ మీది క్యూఆర్ కోడ్ మార్చాలి. అందరూ మరిచిపోయేది అదే. పాత కోడ్ అక్కడే ఉంటే వచ్చే ఆదివారం కానుక కూడా దిగిపోయినాయన ఖాతాలోనే పడుతుంది.